అయ్యగారికి చంథూ పెట్టిన దండాలు

కొరియాలోని మిర్యాంగ్ ఆకు తోటల్లో చేతులు అరగదీసుకున్న మా కంబోడియా ఖ్మేర్ ఆడవాళ్ళ పేర్లు చెప్పవలసి వస్తే మొదట చెప్పవలసిన పేరు చంథూది. ఆమె చదివింది ఊరి బడిలో ఆరో తరగతి దాకానే. అయినా ప్రేయ్ వెంగ్‌లో ఆమె పేట నుంచి, అక్కడికి పనికి పోవాలంటే రాయవలసిన కొరియా భాష పరీక్షను మొదటిసారే గట్టెక్కిన ఆడమనిషి ఆమె. ఆమె వెనక రాసిన మగవాళ్ళు ముగ్గురు తప్పారు. తోటకు వచ్చిన మొదటి చలికాలం తిరగకముందే యజమాని తల్లి కిమ్చీ పచ్చడి కలిపే రోజున ఆమెను తన పక్కన చాప మీద కూర్చోబెట్టుకుంది. పై దేశపు మనిషికి ఆ ఊళ్ళో అటువంటి మర్యాద అంతకుముందు జరగలేదు. ఊరి పండుగలో కొరియా పాట పాడి రైస్ కుక్కర్ గెలుచుకున్నది కూడా ఆమే. ఆ కుక్కర్‌లోనే మన ఆడపిల్లలందరూ అన్నం వండుకునేవారు. వండుకునే ప్రతిసారీ అది ఎవరు గెలిచిందో చంథూ గుర్తుచేసేది.

ఇన్ని ఉన్న మనిషికి, నిన్నగాక మొన్న వచ్చిన కొలాప్ అంటే కడుపుమంట ఎందుకు పుట్టాలి?

చేతుల వల్ల పుట్టింది. ఆ తోటలో పని అంతా చేతులదే. కెన్నిప్ అనే వాసన ఆకు కోయాలి, పదేసి ఆకులు ఒకదాని మీద ఒకటి సర్ది, తొడిమల దగ్గర సన్నని తీగతో మెలిపెట్టి కట్ట కట్టాలి. కొరియా వాళ్ళు కాల్చిన మాంసాన్ని చుట్టుకు తినే ఆకు అది, ఒక్క చిరుగున్నా పక్కన పడేస్తారు. చంథూ కట్ట కడితే కొలత పెట్టి కోసినట్టుండేది. నాలుగేళ్ళుగా ఆ తోటలో ఆమె చేతికి ఎదురు లేదు. అప్పుడు కాంపోంగ్ థోమ్ నుంచి ఈ కొలాప్ వచ్చింది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల, బుగ్గన సొట్ట, నోట్లో ఎప్పుడూ ఏదో ఒక పాట. మూడు నెలలు తిరిగేసరికి చంథూ ఒక పెట్టె నింపేలోపు ఆ పిల్ల పెట్టె నింపి, మూత పెట్టి, రెండో పెట్టె లాక్కునేది.

యజమాని బేక్ భార్య వచ్చి పెట్టెలు చూసి, "అబ్బ, కొలాప్ చేతులు చూడండే! వెన్న చేతులు!" అంది ఒకరోజు.

"వెన్న అయితే ఆకుకు జిడ్డు అంటుతుంది అమ్మగారూ," అంది చంథూ.

అందరూ నవ్వారు. కొలాప్ కూడా నవ్వింది. ఆ నవ్వులో రోషం లేకపోవడం చంథూకు మరీ మంటెక్కించింది. రోషపడి ఉంటే పోట్లాడి తేల్చుకునేది. నవ్వేసే మనిషితో ఏం పోట్లాడుతుంది?

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మన వాళ్ళకు కొరియాలో ఉండే అనుమతి యజమానిని అంటిపెట్టుకుని ఉంటుంది. అతను ఒప్పుకోనిదే తోట మారడం కష్టం. పనిమనిషి కొద్ది రోజులు వరసగా కనబడకపోతే, పారిపోయిందని అతను వీసాల ఆఫీసుకు రాస్తాడు. ఆ రాత పడితే వీసా పోయినట్టే, ఆపైన దొంగలా దాక్కుని బతకాలి. అలాగే, గడువంతా ఒకే తోటలో నమ్మకంగా పనిచేసిన మనిషిని యజమాని సంతకం పెట్టి మళ్ళీ పిలిపించుకోవచ్చు. చంథూ గడువు ఆ వసంతంతో తీరిపోతోంది. పరీక్ష మళ్ళీ రాద్దామంటే వయసు దాటిపోయింది. బేక్ సంతకం ఒక్కటే దారి. ప్రేయ్ వెంగ్‌లో ఆమె పేరున సెంటు నేల లేదు, మొగుడు ఇంకొకతెను చేసుకుని ఏళ్ళయింది. అక్క ఇంట్లో ఒక చాప, ఆ చాప మీద బావ సణుగుడు, అంతే. అందుకే ఆ సంతకం కోసం ఆమె జ్వరంలోనూ ఆకు కోసింది. బేక్ అరిస్తే తలవంచుకుంది, అమ్మగారి గొడ్లకొట్టం కూడా ఊడ్చిపెట్టింది.

ఆ చలికాలం మాత్రం మనుషులు ఓర్చుకునేదిగా లేదు. వాళ్ళు ఉండేది ఇల్లు కాదు. ఆకు పెంచే ప్లాస్టిక్ షెడ్డు లాంటిదే ఇంకొకటి, పైన నల్లగుడ్డ కప్పి, లోపల రేకు పెట్టెలతో గదులు చేశారు. జనవరి వచ్చేసరికి నీళ్ళ గొట్టం గడ్డకట్టింది. కింద వేసుకునే కరెంటు పరుపులు అందరూ ఒక్కసారి పెడితే ఫ్యూజు ఎగిరిపోయేది. ఒక తెల్లవారుజామున మొమ్ అనే పిల్ల నిద్ర లేవలేదు. వేళ్ళు నీలంగా తిరిగాయి. అందరూ కలిసి రుద్ది, వేడినీళ్ళు తాగించాక గాని కళ్ళు తెరవలేదు.

ఆ పొద్దున కొలాప్ బూట్లు తొడుక్కోలేదు.

"నేను ఇవాళ ఆకు కోయను," అంది. "మనుషులుండే గది ఇచ్చేదాకా కోయను."

"నేనూ కోయను," అంది మొమ్ దుప్పట్లోంచి.

"నువ్వు ఎలాగూ లేవలేవు కదే," అంది ఇంకొకతె. ఆ బాధలోనే నవ్వులు వచ్చాయి. నవ్వుతూనే ఆమె, ఆమె పక్కనున్నది కూడా తామూ కోయమన్నారు.

చంథూ తలుపు దగ్గర కండువా చుట్టుకుంటోంది. ఆమెకు మొదట పుట్టింది భయం కాదు. నాలుగేళ్ళుగా ఈ చలిలో పడి ఉన్నది తను, ఆ మొమ్‌కు కట్ట కట్టడం నేర్పింది తను. అయినా ఇంత మాట అనుకునేటప్పుడు ఒక్కతె తన మొహం వైపు చూడలేదు. అందరి కళ్ళూ కొలాప్ మీదే. ఆ సంగతి ముల్లులా దిగింది.

"సమ్మె చేస్తావా? ఎవరు నేర్పారమ్మా ఇంత పెద్ద మాట?" అంది.

"చలి నేర్పింది అక్కా. నువ్వూ రా."

"నాకు గడువు దగ్గర పడింది. నీకేం, ఇంకా మూడేళ్ళున్నాయి, ఆటలాడుకో."

"నీ సంతకం కోసం మొమ్ చచ్చిపోవాలా?"

చంథూ బూట్లు తొడుక్కుని పనికి పోయింది.

బేక్ వచ్చాడు, అరిచాడు, తలుపు తన్నాడు, చివరకు షెడ్డుకు కరెంటే తీసేశాడు. మర్నాడు కొలాప్ ఒక ఉపాయం చెప్పింది: గిమ్‌హే పట్నంలో మన ఖ్మేర్ వాళ్ళ బుద్ధుడి గుడి ఉంది, భిక్షువు జాగా ఇస్తాడు, వలస వాళ్ళకు సాయం చేసే ఆఫీసు మనిషి సోమవారం అక్కడికే వస్తాడు. అందరూ మూటలు కట్టుకున్నారు.

ఆ మూటలు చూస్తే చంథూకు పాత సంగతి ఒకటి గుర్తొచ్చింది. ఆ తోటలో ఇదివరకు సారున్ అనే ఆవిడ ఉండేది. యజమానితో మాట పెరిగి, కోపం చల్లారాక వద్దామని స్నేహితురాలి ఇంటికి పోయి కూర్చుంది. వచ్చేసరికి పరారీ అని రాసేశాడు. ఆమె ఎక్కడో చేపల గోదాములో పేరు మార్చుకుని దాక్కుందని విన్నారు, ఆ తరవాత అదీ వినలేదు. సమ్మె అని వీళ్ళు అనుకుంటున్నారు. బేక్ కలంలో అది పారిపోవడమే అవుతుంది. చెబితే ఒక్క మాట.

చెప్పలేదు. మూటలు భుజాన వేసుకుని వాళ్ళు మంచు గట్టు మీద వరసగా పోయారు, ముందు కొలాప్, ఆమె వెనక మొమ్. పో, పోయి చూడు, అనుకుంది చంథూ. అనుకుని, పెదవి కొరుక్కుని, కుక్కర్‌ను తన వైపు లాక్కుంది. దాన్ని మాత్రం వాళ్ళు తీసుకుపోలేదు.

ఆ సాయంత్రం బేక్ కమలాపళ్ళ సంచితో వచ్చాడు. నాలుగేళ్ళలో అతను ఆమెకు పండు ఇచ్చింది అదే మొదలు.

"చంథూ, నా మనిషివి నువ్వొక్కతెవే. నీ కాగితం మీద సంతకం పెడతాను. ఒక్క చిన్న పని. నేను వీసాల ఆఫీసుకు రాస్తున్నాను. వాళ్ళు ఫోన్ చేస్తే, చెప్పకుండా పోయారు, ఫోన్లు కట్టేసుకున్నారు అని చెప్పాలి. నీ కొరియా మాట వాళ్ళకు బాగా తెలుస్తుంది."

"సరే అయ్యగారూ," అంది ఆమె.

రెండు రోజులు ఆమె ఒక్కతే ఆకు కోసింది. అంత పొడుగు షెడ్డులో, దీపాల కింద, తన కత్తిరింపు చప్పుడు తనకే వినబడుతూ. హాయిగా ఉండాలి. కొలాప్ లేదు, పాట లేదు, పోలిక లేదు. అప్పుడు అమ్మగారు వచ్చింది, పెట్టెలు చూసి నిట్టూర్చింది.

"ఒక్కదానివి ఎంత చేస్తావులే. కొలాప్ ఉండి ఉంటే ఈపాటికి బండి నిండేది."

చంథూ చేతిలోని ఆకు నలిగిపోయింది. లేని మనిషి కూడా తనకంటే ముందే నింపుతోంది!

అది చాలదన్నట్టు మొమ్ ఫోన్ చేసింది.

"అక్కా, ఇక్కడ బాగుంది. గదిలో నేల వెచ్చగా ఉంది. కొలాప్ అక్కను చూడటానికి ఎక్కడెక్కడి నుంచో వస్తున్నారు. ఎవరో ఫోటో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టారు. నువ్వు చూశావా? వేల మంది లైకులు కొట్టారు. భిక్షువు గారు కూడా ధైర్యంగల బిడ్డ అన్నారు."

"నీ వేళ్ళెలా ఉన్నాయే?"

"తగ్గాయి. కొలాప్ అక్క నూనె రాసింది."

"నూనె రాసిందా," అంది చంథూ, ఫోన్ పెట్టేసింది.

ఫోటో చూసింది. మెడలో మన గళ్ళ కండువా, బుగ్గన సొట్ట, వెనక బుద్ధుడు. దేవతలా ఉంది మహాతల్లి. చూస్తూ చూస్తూ ఉండగా చంథూకు ఒక ఆలోచన తట్టింది, ఒళ్ళు మండిపోయింది. బేక్ రాసింది రాసినట్టు నడిస్తే కొలాప్‌ను దేశం నుంచి పంపేస్తారు. పంపేస్తే ఏమవుతుంది? ఆ ఫోటో ఇంకా పెద్దదవుతుంది. మన వాళ్ళు కొరియాలో ఉన్నన్నాళ్ళూ కొలాప్, కొలాప్ అంటారు. గది కోసం వీసా పోగొట్టుకున్న బిడ్డ అంటారు. తన పేరు? బేక్ దగ్గర కమలాపండు తిన్న మనిషి అంటారు. తను మళ్ళీ వచ్చినా ఆ పేరు మీదే రావాలి. ఆ పిల్ల తనను ఆకులోనూ మించి, త్యాగంలోనూ మించిపోతుందా? అది మాత్రం జరగనివ్వను, అనుకుంది.

ఆ పక్కనే మొమ్ నీలం వేళ్ళు కూడా గుర్తొచ్చాయి. రెండూ కలిసే ఆమెను బస్సెక్కించాయి.

గుడి వెనక గదిలో నలుగురూ పులుసు తాగుతున్నారు. చంథూ చెప్పులు విడిచి లోపలికి వెళ్ళి నిలబడింది.

"దద్దమ్మల్లారా! కనబడకుండా పోతే సమ్మె అవుతుందటే? పారిపోయారని రాయడానికి అతని చేతికి మీరే కలం ఇచ్చి వచ్చారు. సోమవారం మీ సాయం ఆఫీసు మనిషి వచ్చేసరికి గడువు దాటిపోతుంది. లేవండి."

సారున్ సంగతి ఆమె చెప్పింది. విన్నాక మొమ్ గిన్నె కింద పెట్టేసింది.

కొలాప్ మాత్రం ఆమె కళ్ళలోకి చూసింది. "ఇది మేము మూటలు కట్టినరోజే నీకు తెలుసు కదా అక్కా?"

"తెలుసు."

"ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు అడిగావా?"

"అడిగితే చెప్పేదానివా?"

"చెప్పేదాన్ని కాదు," అంది చంథూ.

కొలాప్ మొహం ఎర్రబడింది. ఆమెకూ కోపం వస్తుందని చంథూ చూడటం అదే మొదటిసారి. అందులో కొంచెం హాయి దొరికింది కూడా.

"మరి ఇప్పుడెందుకు వచ్చావు?"

"నీకు చేతకాదు కాబట్టి. లే. చలికి భయమైతే నా పరుపు తీసుకో, కరెంటు ఎలాగూ లేదు, ఇద్దరికీ సమానమే."

ఆ సాయంత్రం బస్సులో ఐదుగురూ తిరిగి వచ్చారు. మర్నాడు పొద్దున చంథూ వాళ్ళను ఆకు షెడ్డు తలుపు పక్కన వరసగా నిలబెట్టింది. అందరికీ పని బూట్లు, పని టోపీలు. వరస మొదట్లో తను నిలబడింది. బేక్ ట్రక్కు దిగగానే నడుము దాకా వంగింది. మిగతా నలుగురూ ఆమెతోపాటు వంగారు.

"అయ్యగారూ, దండాలు! మేమందరం పనికి వచ్చాం. మనుషులుండే గది ఇవ్వండి, ఇచ్చిన మరుక్షణం ఆకు కోస్తాం."

బేక్ నోరు తెరిచి, మూసి, "నువ్వు కూడానా?" అన్నాడు.

"నేను కూడా అయ్యగారూ. దండాలు."

మధ్యాహ్నం మళ్ళీ దండాలు. సాయంత్రం మళ్ళీ. అతను షెడ్డు చుట్టూ తిరిగి అటు తలుపు గుండా వస్తే అటే వెళ్ళి దండాలు. పక్క తోటల వాళ్ళు ట్రక్కులు ఆపి చూడటం మొదలుపెట్టారు. "ఏం బేక్, పెళ్ళికొడుకువా, ఇన్ని దండాలు పెట్టించుకుంటున్నావు?" అని ఒకడు కేకేశాడు. పిలిచి వంగి పలకరించిన మనిషికి తలైనా ఊపకపోతే ఆ ఊళ్ళో పెద్దమనిషి కాడు. అందుకని బేక్ పళ్ళు నూరుతూనే ప్రతిసారీ తల ఊపేవాడు. అతని తల్లి చేతికర్ర పట్టుకుని వచ్చింది. చంథూ వంగితే ముసలమ్మా వంగి, "ఈ చలిలో పిల్లల్ని నిలబెట్టావేమిరా?" అని కొడుకును అడిగింది.

ఆ గందరగోళంలోనే వీసాల ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. అతను నలుగురు పారిపోయారని ముందే రాసి ఉన్నాడు, దాని విచారణ. బేక్ ఫోన్‌ను పెద్దగా వినబడేలా పెట్టి చంథూ ముందు చాచాడు. చూపులో సంతకం ఉంది, కమలాపళ్ళున్నాయి, ప్రేయ్ వెంగ్‌లోని చాప కూడా ఉంది.

"మీరు ఆ తోటలో పనిచేస్తారా?" అంది అవతలి గొంతు. "ఆ నలుగురూ చెప్పకుండా వెళ్ళిపోయారా?"

చంథూ పక్కకు చూసింది. కొలాప్ ముక్కు చలికి ఎర్రబడి ఉంది. అంత చలిలో అందరి మొహాలూ పిడకల్లా ఉంటే ఆ ఒక్క మొహమే గులాబీలా ఉంది. ఒక్క మాటంటే చాలు, ఆ మొహం ఇక కనబడదు. చంథూ గొంతులో ఆ మాట దాదాపు తయారైంది. ముసలమ్మ కర్ర మీద చేతులు పెట్టి ఆమె వైపే చూస్తోంది.

"ఎవరూ పోలేదండీ," అంది చంథూ, పరీక్షలో చెప్పినట్టు ఒక్కొక్క మాటా తీర్చి. "గది కోసం పని ఆపాం. తలుపు దగ్గరే ఉన్నాం. పొద్దున అయ్యగారికి దండం పెట్టాం, ఆయన తల ఊపారు. పక్క తోటవాళ్ళు చూశారు. నాతో కలిపి ఐదుగురం."

నాతో కలిపి అన్న మాట బయటికి వచ్చాక గాని తను ఏమందో ఆమెకు తెలియలేదు.

ఫిర్యాదు వెనక్కు పోయింది. సోమవారం వలస వాళ్ళ ఆఫీసు మనిషి వచ్చాడు, అతని వెంట తనిఖీవాళ్ళు వచ్చారు. నల్లగుడ్డ షెడ్డు చూసి, గొట్టం చూసి, మనుషులుండే చోటు కాదని రాశారు. బేక్ ఊళ్ళో ఖాళీగా ఉన్న ఒక ఇటుక ఇంటిని అద్దెకు తీసుకోక తప్పలేదు. నేల కింద వేడి, లోపలే స్నానాల గది. నలుగురి వీసాలకూ గీత పడలేదు. ఆ చుట్టుపక్కల తోటల్లో అటువంటి గది సాధించిన మొదటి ఆడవాళ్ళు మన వాళ్ళే, దానికి తోవ చెప్పింది చంథూ. ఈ ముక్క నేను గట్టిగా రాస్తున్నాను.

సంతకం మాత్రం బేక్ పెట్టలేదు. "నీలాంటి మనిషిని తిరిగి పిలవను," అన్నాడు. తిట్టలేదు, కేక వేయలేదు, ఆకు ధర చెప్పినట్టు చెప్పాడు. పెట్టు అని అతన్ని ఎవరూ బలవంతం చేయలేరు, చట్టంలో ఆ సంతకం అతని ఇష్టం. ఆ వెచ్చని నేల మీద చంథూ పడుకున్నది ఒక్క చలికాలపు తోక మాత్రమే.

వెళ్ళే రోజున మంచు లేదు. సంచి ఎత్తి బస్సు స్టాపు దాకా మోసుకొచ్చింది కొలాప్. అక్కడ సంచి దించి, కళ్ళు తుడుచుకోవడం మొదలుపెట్టింది.

"ఏడవకే. ఏడిస్తే ఇంకా అందంగా ఉంటావు, నాకు ఒళ్ళు మండుతుంది."

"నా వల్లే కదా అక్కా నీ సంతకం పోయింది."

"నీ వల్లా? అంత గొప్ప నీకెందుకు? ఆ ఫోన్‌లో మాట అన్నది నేను."

కొలాప్ ఏడుస్తూనే నవ్వింది. "సరే. నాదేదో ఫోటో తిరుగుతోంది కదా, సమ్మె నడిపింది నేనే అనుకుంటున్నారు. ఇకమీదట ఎవరు అడిగినా నీ పేరే చెబుతాను. చంథూ అక్క లేకపోతే మేమెవ్వరమూ లేమని చెబుతాను."

చంథూ మొహం మాడిపోయింది. "చెప్పకు! నువ్వు చెబితే, చూడండి కొలాప్‌ది ఎంత మంచి మనసో అంటారు. ఆ పేరు కూడా నీకేనా?"

"మరి ఏం చెయ్యమంటావు?"

"నోరు మూసుకుని ఆకు కోసుకో."

బస్సు వచ్చింది. ఎక్కేముందు తిరిగి, కొలాప్ మెడ మీద జారిన కండువాను సరిగ్గా చుట్టి ముడివేసింది, కొంచెం గట్టిగానే వేసింది. కిటికీ పక్కన కూర్చుని, తోటల ప్లాస్టిక్ కప్పులు వెనక్కు పోతుండగా ఫోన్ తీసింది.

"మొమ్, నేనే. నా సంగతి నువ్వు చెప్పవే అందరికీ. కొలాప్ చెప్పమందని మాత్రం అనకు."